పంచె మీద పరిచిన రేడియో

మా ఇంటి ఓనరు యోగానంద్ చేతికి ఏ కరెంటు వస్తువు ఇచ్చినా ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతాడు, లోపల ఏదైనా ఊడి కదులుతోందేమోనని. ఇస్త్రీపెట్టె అయినా అంతే, టీవీ రిమోట్ అయినా అంతే. నేను కోసపాళయంలో వాళ్ళ మేడమీద గది చూడ్డానికి వెళ్ళిన రోజున నా ఫోను చేయి జారి కిందపడింది. నేను వంగేలోపే ఆయన దాన్ని తీసి, చెవి దగ్గర ఊపి, "ఏం కాలేదు, బాగుండాది" అని చేతిలో పెట్టాడు. గది గురించి మాట్లాడింది ఆ తర్వాతే.

నాది యానాం, పేరు సత్యవతి. సర్కారు ఆఫీసులో ఉద్యోగం. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చాను. ఇక్కడ తరాలనుంచి ఉన్న తెలుగువాళ్ళు ఉంటారని విన్నాను గానీ వాళ్ళ తెలుగు ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. "యాడికి పోతా ఉండావు?" అంటారు. "ఏంది సమాచారం?" అంటారు. మధ్యలో తమిళం ముక్కలు బియ్యంలో పెసలు కలిసినట్టు కలిసిపోయి ఉంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం చాలామందికి రావు. నా భాషకి వాళ్ళు నవ్వారు, వాళ్ళ భాషకి నేను నవ్వాను. అక్కడికి చెల్లుకు చెల్లు.

యోగానంద్‌కి యాభై దగ్గరపడుతున్నాయి. ఐటీఐ చదివి, ఊరి బయట టీవీలు బిగించే ఫ్యాక్టరీలో చేరాడు. బెల్టు మీద కదిలివచ్చే సర్క్యూట్ పలకలో ఒకే చోట ఒకే ముక్క గుచ్చడం ఆయన పని. పక్కవాడిది ఇంకో ముక్క. జీవితంలో మంచి వయసంతా ఆ ఒక్క ముక్క గుచ్చడంలోనే పోయిందట. "ఆ ముక్క యాడికి పోతాదో, ఏం చేస్తాదో ఎవురూ చెప్పలేదు" అనేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇంటి ముందుగదిలో రిపేరు దుకాణం పెట్టాడు. భార్య విల్లియనూరులో టీచరు కాబట్టి ఇల్లు గడవడానికి ఇబ్బంది లేకపోయింది.

దుకాణం పెట్టిన కొత్తలో ఆయనకు ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోతానేమోనని భయం. అందుకని ఏ వస్తువు విప్పినా ముక్కల్ని విప్పిన వరసలోనే బల్ల మీద పరిచి, పైనుంచి ఫోనుతో ఒక ఫొటో తీసుకునేవాడు. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటో పక్కన పెట్టుకునేవాడు. రిపేరు పనివాళ్ళు చాలామంది చేసేదే ఇది. కానీ యోగానంద్ పరిచే తీరు రానురాను మారిపోయింది. మిక్సీ విప్పితే రాగి తీగ చుట్ట నడిమధ్యన పెట్టి, దాని చుట్టూ స్క్రూలు పొడుగువి, పొట్టివి వరసకట్టేవాడు. వైర్లను దువ్వినట్టు తిన్నగా చేసేవాడు. కింద బల్ల రంగు బాగాలేదని, వాళ్ళ నాన్న కట్టిన తెల్ల పంచె ఒకటి ముడత లేకుండా ఇస్త్రీ చేసి పరిచేవాడు. తర్వాత ఒక కెమెరా కొన్నాడు. రెండు నిచ్చెనల మధ్య అడ్డంగా కర్ర కట్టి, కెమెరాను నేలచూపుగా వేలాడదీసి, ఫ్యాను ఆపేసేవాడు. ఫ్యాను తిరిగితే చిన్న ముక్కలు కదిలిపోతాయి మరి. ఈ ఊరి ఉక్కపోతలో ఫ్యాను లేని గదిలో, చెమట చుక్క పంచె మీద రాలకుండా నుదుటికి తువ్వాలు బిగించుకుని నిచ్చెన ఎక్కే ఆయన్ని చూసి నేను చాలాసార్లు ఆటపట్టించాను. "ఏమండీ, పెళ్ళిఫొటోలకి కూడా ఇంత శ్రద్ధ పెట్టరు కదా" అంటే, "పెండ్లికూతురు కదిలిపోతాది సత్యవతమ్మా, ఇవి చెప్పినట్టు పండుకుంటాయి" అనేవాడు.

ఫొటోలు నిజంగా బాగుంటాయి. అబద్ధం చెప్పను. రోజూ విసుక్కుంటూ వాడే మిక్సీ, ఇస్త్రీపెట్టె, గోడగడియారం, తెల్ల బట్ట మీద విడివిడిగా పరుచుకుని కనబడితే, ఇంత కుదురు మన వంటింట్లోనే ఉందా అనిపిస్తుంది. కూతురు యోగిత వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఏ దేశంవాళ్ళో మెచ్చుకున్నారు. మెప్పు రుచి తగిలాక మనిషి మారడానికి ఎంతసేపు? తిరిగి బిగించడం కోసం ఫొటో తీసిన మనిషి, ఫొటో కోసం విప్పే మనిషి అయ్యాడు.

అయితే ఒక నియమం పెట్టుకున్నాడు. చచ్చిపోయిన వస్తువునే పరుస్తాడు. "బతికినదాన్ని ముట్టుకోను" అని గర్వంగా చెప్పుకునేవాడు. ఏది బతికింది, ఏది చచ్చింది అన్నది తేల్చేదీ ఆయనే. వీధిలో ఎవరింట్లో ఏది మూలపడ్డా ఆయన దగ్గరికే తెస్తారు. "పోయింది" అని ఆయనంటే ఇంక మారుమాట లేదు. మనిషి పోయినట్టే ఒక నిట్టూర్పు విడిచి, దాన్ని ఆయన దగ్గరే వదిలేసి వెళ్ళిపోతారు.

ఎదురింటి జయలక్ష్మమ్మ కూడా అలాగే వదిలేసి వెళ్ళింది.

ఆమె పుట్టిల్లు బాహూరు దగ్గర పల్లె. మొగుడు నటేశన్ నాయుడు పోయి చాలాకాలమైంది. ఇంటినిండా జనమే. కొడుకు, కోడలు రాసాత్తి, మనవలు. రాసాత్తి తమిళ పిల్ల, అత్తను కంటికి రెప్పలా చూసుకుంటుంది. కానీ ఆ ఇంట్లో తెలుగు మాట లేదు. కొడుకు పెళ్ళాంతో తమిళం, పిల్లలతో ఇంగ్లీషు. జయలక్ష్మమ్మ తెలుగులో ఏదైనా అంటే మనవలు నవ్వుతూ తమిళంలో జవాబిస్తారు. ఆమెకు మిగిలింది రేడియో ఒక్కటే. అదీ నటేశన్ నాయుడు కొన్న పాత రేడియో, గుండ్రటి మీట తిప్పితే ఎర్రసూది జరిగే రకం. పొద్దుగుంకాక మీడియం వేవులో ఎక్కడో దూరపు తెలుగు స్టేషను అందులో వినబడుతుంది. ఇప్పుడు అంగళ్ళలో దొరికే చిన్న రేడియోల్లో ఆ బ్యాండే ఉండదు.

చీకటిపడే వేళకి ఆమె వీధరుగు మీద కూర్చుని రేడియో ఒళ్ళో పెట్టుకునేది. వార్తలు, వ్యవసాయం, ఎక్కడో కృష్ణ ఒడ్డున వేరుశనగకి పట్టిన తెగులు, ఏదైనా సరే. సగం మాటలు ఆమెకు అర్థం కావు. అయినా ఎదురుగా మనిషి కూర్చున్నట్టు జవాబు చెప్పేది. "ఔనా?" అనేది. "అయ్యో, పావం" అనేది. "అట్నా సంగతి!" అని తొడ మీద తట్టుకునేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను నాలుగు మాటలు మాట్లాడగానే ఆమె కళ్ళు పెద్దవి చేసి, "ఏంది పిల్లా, నువ్వు రేడియో లోపలినుంచి వచ్చినావా?" అంది.

ఆ రేడియో ముఖం మీద, అంకెలుండే ప్లాస్టిక్ పలక పైన, ఒక కుంకుమ బొట్టు ఉండేది. ఈ ఊళ్ళో ఆయుధ పూజకి ఇంట్లో ఉన్న కత్తిపీట దగ్గర్నుంచి స్కూటరు దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెడతారు. నటేశన్ నాయుడు ఒక పూజ రోజున రేడియోకి బొట్టు పెడుతూ, సరిగ్గా తెలుగు స్టేషను వచ్చే చోటనే పెట్టాడట. అంకెలు చూసుకోనక్కర్లేదు, ఎర్రసూది బొట్టు కిందికి వస్తే చాలు, తెలుగు వస్తుంది. ఆయన పోయాక ఏటా ఆమే ఆ బొట్టు మీదే మళ్ళీ బొట్టు పెడుతూ వచ్చింది. అది పెచ్చుకట్టి నల్లబడి, పుట్టుమచ్చలా తయారైంది.

కిందటేడు ఎండాకాలంలో ఫణిధర్ అనే కుర్రాడు వచ్చాడు. విశాఖవాడు, సముద్రం దగ్గర ఫ్రెంచివాళ్ళ పాత వీధుల్లో ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని బొమ్మలూ ఫొటోలూ ప్రదర్శనకు పెడతాడు. యోగానంద్ ఫొటోలు గోడ కొలతలకి పెద్దవిగా వేయించి పెడతానన్నాడు. అన్నీ చూసి, "సార్, మధ్యగోడకి ఒక పాత రేడియో ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. అతని తప్పేం లేదు. ఎవరింట్లో రేడియో విప్పమనీ అతను చెప్పలేదు.

యోగానంద్ పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. రేడియోలు దొరికాయి. విప్పితే లోపలంతా పచ్చగా చిలుము. సముద్రపు గాలి ఈ ఊళ్ళో దేన్నీ వదలదు. రాగి పచ్చబడుతుంది, స్క్రూలు తుప్పుపట్టి తలలు రాలిపోతాయి. తెల్ల పంచె మీద పరిస్తే పుండ్లు పరిచినట్టు ఉంటుంది. ఫొటోలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడుతోంది. ఆయన అన్నం కూడా సరిగా తినకుండా తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే జయలక్ష్మమ్మ వీధి దాటి వచ్చింది. రేడియోని ఎప్పుడూ పెట్టుకునే గుడ్డసంచిలోనే తెచ్చింది. పాత రవికల బట్టతో రెండు పొరలు వేసి, బొత్తాం పెట్టి ఆమే కుట్టుకున్న సంచి అది. "సౌండు పెంచేటప్పుడు గరగరమంటా ఉండాది నాయనా, కొంజం చూడు" అని బల్లమీద పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత జరిగిందంతా, సంగతి బయటపడ్డాక, ఆయనే ఒక సాయంత్రం మేడమెట్ల మీద కూర్చుని నాతో చెప్పాడు. గరగరకి కావలసింది మీట సందులో ఒక చుక్క నూనె. వేయడానికే విప్పాడు. వెనకమూత తీశాడు. లోపల ఒక్క చోట కూడా చిలుము లేదు. ఇన్నేళ్ళూ ఆ గుడ్డసంచి గాలిని దగ్గరికి రానివ్వలేదు. రాగి తీగ కొత్తదానిలా మెరుస్తోంది. సూదిని లాగే దారం కూడా తెల్లగానే ఉంది. "అట్ల ఉంటాదని నేను అనుకోలే సత్యవతమ్మా. అయ్యో, ఇది బతికుండాదే అనుకున్నా. నిజం చెప్తా ఉండా, ఇది చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండు అనుకున్నా."

మర్నాడు ఆమె వచ్చి అడిగితే, "అది పోయింది పెద్దమ్మా" అన్నాడు. ఎప్పుడూ అందరితో అనే గొంతుతోనే అన్నాడట, తడుముకోకుండా.

ఆమె బల్ల వైపు చూసి, "పోయిందా?" అంది.

"లోపల మొత్తం పోయిండాది."

"పావం" అంది ఆమె. సంచి మాత్రం తీసుకుని వెళ్ళింది.

ఆయన మనసులో ఒక ఎత్తుగడ ఉంది. విప్పి, ఫొటో తీసుకుని, తిరిగి బిగించి, "ఎట్లనో బాగుచేసినా పెద్దమ్మా" అని తీసుకెళ్ళి ఇస్తాడు. ఆమె సంబరపడుతుంది, ఫొటో గోడకెక్కుతుంది, ఎవరికీ నష్టం లేదు. తప్పు చేసేవాళ్ళందరూ దాని వెనక ఇలాంటి ఒక మంచిపని తగిలించుకుంటారు కాబోలు.

పైపైన విప్పితే ఫొటో నిండుగా రాలేదు. లోపలి సర్క్యూట్ పలక మీద అతికి ఉన్న చిన్నచిన్న ముక్కలన్నిటినీ కూడా వేడిచేసి ఊడదీశాడు. పలక పాతది, వేడికి దాని మీద రాగి గీతలు పొట్టులా లేచి వచ్చేశాయి. వెంట్రుకంత సన్నని తీగను తిన్నగా చేయబోతే తెగింది. అప్పటికే ఆయనకు తెలుసు. అయినా ఆపలేదు. చివరికి ముఖం పలక మిగిలింది. దాని మీద ఆ నల్లటి బొట్టు పెచ్చు. అన్ని ముక్కలూ శుభ్రంగా ఉన్నాయి, ఇదొక్కటే మరకలా ఉంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచేశాడు.

ఫొటో మాత్రం ఆయన తీసినవాటిలోకెల్లా గొప్పది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ దానితోనే గడిపాడు. ఒక పాత పలక సంపాదించి దాని మీద అతికించి చూశాడు. కొత్త తీగ చుట్టాడు. ఒకసారి హోరు వినిపించింది, అంతే. మాట రాలేదు. ఆయన ఆ హోరు వింటూ కూర్చున్న గదిలోకి నేను వెళ్ళినప్పుడే ఈ సంగతి బయటపడింది. నాకు కోపం ఆగలేదు. "సిగ్గులేదూ మీకు? వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకుని చెప్పండి" అని గట్టిగానే అరిచాను. "చెప్తా" అన్నాడు. చెప్పలేదు. ఇది ఆయన నోటితో చెప్పాల్సిన సంగతి, నేను చెబితే చాడీ అవుతుంది. అందుకని రోజూ ఆయన్నే పొడిచాను.

చెప్పడం తప్ప మిగిలినవన్నీ చేశాడు. కొత్త రేడియో కొనిచ్చాడు. అందులో తమిళ సినిమాపాటలు తప్ప ఏమీ రావు. ఒక పాతఫోనులో తెలుగు రేడియో వచ్చేట్టు పెట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. మధ్యలో తెర ఆరిపోయేది, ఏదో ప్రకటన వచ్చేది, ఎక్కడ నొక్కితే ఏం పోతుందోనని భయపడేది. తిప్పడానికి దానికి మీట లేదు. నాలుగు రోజులకి తిరిగి తెచ్చిచ్చి, "నాకెందుకు నాయనా ఇంత సెలవు చేస్తావు? పోయింది పోయింది, నువ్వేం చేస్తావు?" అంది. సెలవంటే వాళ్ళ మాటల్లో ఖర్చు. ఆ మాట విన్నరోజు ఆయన దుకాణం తలుపు మూసేసుకున్నాడు.

చీకటిపడే వేళకి ఆమె అరుగు మీదికి వచ్చి కూర్చోవడం మానలేదు. ఊరికే కూర్చునేది. యోగానంద్ ఆ వేళకి బయటికి వెళ్ళాల్సి వస్తే, మా ఇంటి వెనక మురుగుసందులోంచి చుట్టుతిరిగి వెళ్ళేవాడు. సొంత వీధిలో దొంగలా నడవడం అంటే అదే. ఆమె కొన్నాళ్ళు నా దగ్గరికి మేడెక్కి వచ్చేది. "సుమ్మా, ఊరికే ఏదైనా మాట్లాడు పిల్లా" అనేది. నేను ఆఫీసు కబుర్లు చెప్పేదాన్ని. వింటూ వింటూ మధ్యలో, "ఇప్పుడు నువ్వు ఇట్లంటివి కదా?" అని నేనన్న మాటనే నన్ను అడిగి ఖాయం చేసుకునేది. వయసు కదా అనుకున్నాను. తర్వాత మోకాళ్ళ నొప్పని రావడం తగ్గించింది.

ప్రదర్శన మొదలైన రోజు రాసాత్తి అత్తకు పట్టుచీర కట్టించి ఆటోలో తీసుకొచ్చింది. మధ్యగోడ మీద నిలువెత్తు ఫొటో. తెల్లటి పంచె మీద రేడియో మొత్తం విడివిడిగా, ఏ ముక్క నీడ ఇంకో ముక్క మీద పడకుండా. జనం దాని ముందు నిలబడి ఫోన్లలో తీసుకుంటున్నారు. ఫణిధర్ పొంగిపోతున్నాడు. జయలక్ష్మమ్మ ఫొటో దగ్గరికి వెళ్ళి, మెడ వెనక్కి వాల్చి, చాలాసేపు చూసింది. "ఇంత చిన్న పెట్టెలో ఇన్ని ఉండెనా!" అంది. పక్కన నిలబడిన తెల్లావిడను తట్టి, తెలుగులోనే, "ఇది మా ఇంటిది" అని చెప్పింది. తర్వాత యోగానంద్ వైపు తిరిగింది. "చచ్చిపోయినదాన్ని ఎంత మర్యాదగా పండబెట్టినావు నాయనా! మనుషులకు కూడా ఇట్ల చేయరు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. యోగానంద్ చేతులు జోడించి నవ్వబోయాడు గానీ ముఖం వశం తప్పింది. బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయుధ పూజ వచ్చింది. మా వీధిలో తెలుగిళ్ళకు జయలక్ష్మమ్మే పెద్దదిక్కు. ఆమె ప్రతి ఇంటికీ వచ్చి, పనిముట్లకు తన చేత్తో మొదటి బొట్టు పెట్టాలి. అది ఆనవాయితీ. యోగానంద్ దుకాణం బల్ల కడిగి, స్క్రూడ్రైవర్లూ, కెమెరా, నిచ్చెనలూ వరసగా పెట్టి ఉన్నాయి. నేను కూడా ఆఫీసు సంచి తెచ్చి ఒక మూల పెట్టాను. మరమరాలు, శనగలు, అరటిపళ్ళు ఆకులో ఉన్నాయి. ఆమె గంధం గిన్నె, కుంకుమ పట్టుకుని వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కొక్కదానికీ బొట్టు పెడుతోంది. కెమెరాకి పెట్టేటప్పుడు, "నీ పేరు నిలబెట్టింది ఇదే కదా" అని రెండు చేతులా కళ్ళకద్దుకుంది.

బల్ల కింద ఒక పళ్ళెం ఉంది. రేడియో ముక్కలన్నీ అందులోనే ఉంచాడు, పారేయలేక. ఆమె కంట పడింది.

"ఇవి అవే కదా? పైకి పెట్టు."

ఆయన పళ్ళెం తీసి బల్లమీద పెట్టాడు. పెట్టేటప్పుడు ముక్కలు గలగలమన్నాయి. ఆమె వంగి, వేలితో ఒక్కొక్కటీ కదిలిస్తూ చూసింది. ముఖం పలక తీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, బొట్టు ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమింది. కుంకుమలో వేలు ముంచింది.

"చచ్చినా మన ఇంటికి ఇన్నేండ్లు పని చేసింది. ఏదిరా దీంట్లో మాట్లాడేది? దానికి పెడతాను."

ఆమె కుంకుమ వేలు గాల్లో అలాగే ఉంది. యోగానంద్ పెదవులు కదులుతున్నాయి. నేను ఆయన్నే చూస్తున్నాను.

"ఒక్కటి కాదు పెద్దమ్మా" అన్నాడు చివరికి. "అన్నీ కలిస్తేనే మాట్లాడతాది. అది చావలేదు. మీరు తెచ్చిచ్చిన పొద్దు అది బాగుండె. నాకు ఫొటో కావాలని పోయిందని చెప్పినా. నేనే విప్పి పాడుచేసినా."

అని, నేల మీద కూర్చుండిపోయాడు.

జయలక్ష్మమ్మ అరవలేదు. తిట్టలేదు. ఆమె కోప్పడి ఉంటే ఆ గదిలో అందరికీ ఊపిరి ఆడేది. మెల్లగా అంది.

"ఆ పొద్దు మీ ఇంటికి తెచ్చే ముందు వింటిని నాయనా. బాగా మాట్లాడతా ఉండె, గరగర తప్ప. మర్నాడు నువ్వు లోపల మొత్తం పోయిండాదంటివి. నువ్వు అబద్ధం చెప్పవు కదా. అయితే నేను విన్నది ఏంది? నా చెవులే తప్పేమో, లేనిది ఉన్నట్టు వింటా ఉండానేమో అనుకుంటిని. రాసాత్తి పిలిస్తే కూడా, నిజంగా పిలిచిందా అని ఆగి ఆగి పోతా ఉంటి. నాకు మతి పోతా ఉండాదని ఎవురికీ చెప్పుకోలేదు. ఇన్ని నెలలు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది, నేనన్న మాటనే నన్నడిగి ఖాయం చేసుకోవడం. యోగానంద్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఒక రేడియో పాడుచేశాననుకుని ఇన్నాళ్ళూ కుమిలినవాడికి, పాడుచేసింది దేన్నో ఇప్పుడు తెలిసింది.

ఆమె కుంకుమ వేలిని ఏ ముక్కకీ పెట్టలేదు. గిన్నె అంచుకి తుడుచుకుంది. ముక్కలన్నీ చెంగులో పోసుకుని, ముడివేసుకుని, వీధి దాటి వెళ్ళిపోయింది. మిగిలిన తెలుగిళ్ళకు ఆ ఏడు బొట్టు పెట్టడానికి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దుగుంకే వేళకి యోగానంద్ మేడెక్కి వచ్చాడు. ఫోనులో వచ్చే తెలుగు వార్తలు చదివి వినిపించమన్నాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు కదా. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ పాఠంలా బట్టీపట్టాడు. తర్వాత మురుగుసందులోంచి కాదు, ముందువాకిట్లోంచి వీధి దాటి, ఆమె అరుగు మీద ఒక చివర కూర్చున్నాడు. నేను పిట్టగోడ దగ్గర నిలబడి విన్నాను. ఎక్కడ వాన పడిందో, మిరపకి ఏ తెగులు వచ్చిందో, ఏ వంతెన కడుతున్నారో, తన యాసలో, మధ్యమధ్య మరిచిపోతూ, ఒకటొకటే చెప్పాడు. రేడియో ఎంతసేపు మాట్లాడేదో అంతసేపూ చెప్పి, లేచి వచ్చేశాడు.

అప్పట్నుంచి రోజూ వెళుతున్నాడు. కెమెరా అటక మీద ఉంది, నిచ్చెనలు సున్నాలు వేసేవాళ్ళు పట్టుకుపోయారు. ఆ ఫొటోని గోడమీంచి దింపించాడు. ఫణిధర్ ఎందుకని అడిగితే జరిగింది దాచకుండా చెప్పాడు. జయలక్ష్మమ్మ ఆయన్ని పొమ్మనలేదు. రాసాత్తి ఇచ్చే కాఫీ ఆయన ముందు పెట్టమంటుంది. ఆయన చెబుతున్నంతసేపూ కదలకుండా కూర్చుంటుంది, ఒళ్ళో ఖాళీ గుడ్డసంచి పెట్టుకుని. ఒక్కో వార్త చెప్పి ఆయన కాసేపు ఆగుతాడు. దేనికోసం ఆగుతాడో నాకు తెలుసు. తన మాట వినబడని ఆ పెట్టెకి "ఔనా?" అని జవాబిచ్చిన మనిషి, యోగానంద్‌కి మాత్రం ఇంతవరకూ ఆ మాట అనలేదు.